అద్దం దించకముందే చెప్పిన రేటు

ఇంత రాగిజావ పోస్తె ఏమైతదట? చెప్పు! ఈ దవాఖాన నర్సమ్మ ఫ్లాస్కు మూత తీసి వాసన చూసింది, మల్ల మూత పెట్టింది, ఎవర్నో అడిగొస్తనని పోయింది. ఇందుల అడిగొచ్చేది ఏమున్నదమ్మా? రాగిపిండి, నీళ్ళు, జర ఉప్పు. ఓ సంతోషం, మూడుసార్లు వడగట్టిన, పల్చటి గుడ్డల పోసి పిండిన. ఆ గొట్టంల కెల్లి పైకి రాకపోతే నా పేరు కొమరయ్యే కాదు.

అట్ల నవ్వకు. నవ్వద్దని చెప్పిండ్రు గదా. దవడ రెండు దిక్కుల ఇరిగింది, తీగెలతోని బిగించి కట్టిండ్రు, ఆరు వారాలు నోరు తెరవద్దన్నరు. నువ్వు ఊకో, నేను మాట్లాడుత. నీకేమన్న చెప్పాల్నంటే మన సైటు లెక్కనే. మిషన్ల చప్పుడుల మాట ఇనబడకపోతే నువ్వు కప్పు మీదికెల్లి సుత్తెతోని రెండు కొట్టేటోనివి, దూలం లేపుమని. ఒకటి కొడితే ఆగుమని. ఇప్పుడు ఈ మంచం కమ్మి ఉన్నది, నీ వేలికి ఉంగరం ఉన్నది. రెండంటే అవును, ఒకటంటే కాదు. సరేనా?

ఆ. రెండు. మంచిగున్నది.

ఈ కుర్చీ ఏంది, కూసుంటే జారుతది? నిలబడే ఉంట తియ్. నీ కాళ్ళ మీద ఆ దుప్పటి సరిగ లేదు, ఉండు. పాదాలు చల్లగున్నయి. కిటికి అద్దం దగ్గర గాలి వస్తుందా? కర్టెన్ వెయ్యాల్నా? వద్దా? కింద పార్కింగ్ కనబడుతుంది, బాతులు గుంపుగ పోతున్నయి దక్షిణం దిక్కు. విన్నిపెగ్‌ల ఇంక మంచు పడలే. మన పనికాడ ఐతే పదిరోజులసంది తెల్లారేసరికి కప్పు మీది పలకలన్నీ మంచుతోని తెల్లగైతున్నయి.

పలకల మాట ఎందుకు ఎత్తిన? నా నోరు పాడుగాను.

రెండున్నర అయింది. మూడింటికి వస్తనన్నది ఆ కాంపెన్సేషన్ ఆఫీసు మేడం. దెబ్బ తగిలినోళ్ళకు నెలనెలా ఎంత ఇయ్యాల్నో లెక్కగట్టేది ఆమెనే. నిన్నేం అడగదట, నీ పరిస్థితి తెల్సు. నన్నడుగుతదట, ఫోర్మన్ను గదా. మూడు ప్రశ్నలన్నది ఫోన్ల. సంతోషం ఏం పని చేసేటోడు? ఆదివారం పైకి ఎందుకెక్కిండు? ఈ కూలి రేటు ఎట్ల కుదిరింది? అంతే. మూడే.

అసలు ఈ లొల్లంతా ఆ మంటల తోనే మొదలు. కాదంటవా? జూన్‌ల అడివి అంటుకోకపోతే రెడ్ పైన్ అనే ఊరు ఒకటి ఉన్నదని మనకెందుకు తెలుస్తది? ఈడికెల్లి ఆరు గంటల బస్సు దూరం. ఊరు ఊరంతా ఖాళీ చేసి పోయిండ్రు, తిరిగొచ్చేసరికి బడి లేదు, దవాఖాన లేదు, సగం ఇండ్లు లేవు. పాపం, ఆ వాసన సెప్టెంబర్ దాక పోలే. అన్నం గిన్నె మూత తీసినా బూడిద వాసనే. నువ్వే అన్నవ్, ఈ ఊరోళ్ళ బడి మన చేతుల మీద లేస్తుంది అన్నా, మంచి పని ఇది, అని. అన్నవా లేదా?

ఆ, రెండు. అట్ల మెల్లగ కొట్టు, చెయ్యి నొస్తది.

గవర్నమెంటు పనంటే ఈడ గోడకు ఒక కాగితం అతికిస్తరు. కార్పెంటర్‌కి గంటకింత, తాపీ పనికింత, హెల్పర్‌కింత. అంతకు పైస తక్కువ ఇయ్యనీకి లేదు. పోయినేడు ఆఫీసు బిల్డింగు కట్టినప్పుడు ఆ కాగితం ముందల నిలబెట్టి నువ్వే చదివి చెప్పినవ్ నాకు. ఇది చూడు అన్నా, మన రేటు మనం అడుక్కునే పన్లేదు, గోడే అడుగుతుంది, అన్నవ్. ఎంత సంబరపడ్డవ్ ఆరోజు!

మంటలారినంక ఆ కాగితం పక్కకు పెట్టిండ్రు. ఊరు తొందరగ లేవాలె, రూల్స్ పట్టుకొని కూసుంటే చలికాలం వచ్చి పడ్తది, కాలిన ఊర్ల గవర్నమెంటు పనులకు ఎవలికెంత కుదిరితే అంత అన్నరు. ఇల్లు కాలినోనికి తొందరగ కట్టియ్యాలె, నేను కాదన్ననా? గాని కట్టేటోని కూలి కోస్తేనే గోడ తొందరగ లేస్తదా? ఎవడు చెప్పిండు వాళ్ళకు?

ఆ ఎర్ర గడ్డపాయన యాదికున్నడా నీకు? మొదటి వారం వచ్చిండు, టూల్ బెల్టు కట్టుకొని. ఆయన ఇల్లు కూడా కాలిందట. నా పిల్లలు చదివిన బడి, నేనే కడుత అన్నడు. రేటు అడిగిండు. చెప్పిన. నా దిక్కు ఇట్ల చూసిండు సంతోషం, కోపం కూడా కాదు. బెల్టు ఇప్పి ట్రక్కుల పడేసి ఎటో పోయిండు. ఆయనెంట ఇంకో నలుగురు పోయిండ్రు. అందరు మంచి కార్పెంటర్లు.

వాళ్ళు పోయినంక మిగిలింది మన ఏడుగురం. పన్నెండు మంది పని ఏడుగురి నెత్తి మీద. తొందరగ కావాలని రూలు తీసేసిండ్రు, ఆగస్టుల కావాల్సిన కప్పు అక్టోబర్‌కొచ్చింది. నవ్వాల్నా ఏడ్వాల్నా?

ఆ, నర్సమ్మ. యెస్, యెస్. ఓకే? థాంక్యూ, థాంక్యూ. ఇయ్యొచ్చునట! చూసినవా, నేను చెప్పలే? ఇగో గొట్టం. మెల్లగ పీల్చు. పక్కలకు పోతుంది, ఉండు, తుడుస్త. మీ ఇంటామె సలోమి ఉంటే నాకన్న మంచిగ తాగిపిచ్చేది. ఆమె పన్జేసే వృద్ధాశ్రమంల సెలవు దొరకలేదట. ఆడ ముసలోళ్ళకు తినిపిచ్చి ఆరింటికి వస్తది, నీకు తినిపిచ్చెతందుకు.

సలోమిని పొద్దున చూసిన. కింద క్యాంటీన్ల. ఆ సంగతి చెప్త. చెప్పాలె. ముందు ఇది తాగు.

నువ్వు నీ చర్చిల సాక్ష్యం చెప్పినవ్ చూడు, ఆగస్టుల. ఆ మాటనే నాకు తెల్లారి లేస్తె యాదికొస్తుంది. నాకేం తెల్సు సాక్ష్యమంటే? దేవుడు చేసిన మేలు అందరి ముందల చెప్పుడట. బిర్యాని పెడుతున్నరని పిలిస్తె వచ్చి ఎనుక వరుసల కూసున్న. నువ్వు లేచి మైకు పట్టుకున్నవ్. నాలుగు నెలలు పని లేక తల్లడిల్లాను, దేవుడు మా కొమరయ్యన్న ద్వారా తలుపు తెరిచాడు అన్నవ్. అందరు ఎనుకకు తిరిగి నా మొఖం చూసిండ్రు. ఒక పెద్దామె కండ్లు తుడుచుకున్నది. నేను నేల దిక్కు చూసిన. వాళ్ళేమో, పాపం సిగ్గరి మనిషి అనుకున్నరు.

సిగ్గు కాదు. చెప్త, ఏం సంగతో. జావ అయిపోయిందా? ఇంక కొంచెం ఉన్నది. వద్దా? ఒకటి కొట్టినవ్. సరే, మూత పెడుత.

ఆదివారం సంగతి నీకు నాకు తెల్సిందే. నువ్వు దుబాయ్‌ల కూడా చర్చి రోజు పని ముట్టలే. పన్నెండేండ్లు ఒక్క రూముల పండినం, ఆడ శుక్రవారం మీ చర్చి, ఆ రోజు డబుల్ కూలి అన్నా కదిలేటోనివి కాదు. తెల్ల అంగి ఇస్త్రీ చేసుకొని, పాటలు పాడుకుంట పోయేటోనివి. అసువంటోనివి రెడ్ పైన్‌ల ఆదివారాలు కూడ పనికొచ్చినవ్. ఎందుకొచ్చినవ్? ఆ రేటుకి ఆరు రోజులు చేస్తే ఇంటి కిరాయి, సలోమి చదువు ఫీజు ఎల్లవు గనుక. మొదటి ఆదివారం నువ్వు మాకు దూరంగ కూసొని తిన్నవ్. నేను చూసిన. చూసి, చూడనట్టున్న.

ఇగ ఆ ఆదివారం ఐతే నువ్వు రానని చెప్పినవ్. రాత ఎట్లుంటదో చూడు! మన కాంట్రాక్టర్ గ్యారీ ఫోన్ చేసిండు నాకు. సోమవారం గవర్నమెంటోళ్ళు వచ్చి కప్పు చూస్తరు, ఆ మూల కప్పు మోసే దూలాలు, ట్రస్సులు ఎక్కాలె అన్నడు. ఆ మూల నువ్వు తప్ప ఎవరు ఎక్కిస్తరు? నేను నీ రూమ్ తలుపు కొట్టిన. ఒక్క ఆదివారం సంతోషం, అన్న. నువ్వు పుస్తకం మూసి, బూట్లు తొడుక్కున్నవ్. నేనే పంపిన. పలక మీద మంచు పేరుకొని ఉన్నది, ఎండ రానియ్యాల్సింది, ఒక్క గంట ఆగాల్సింది. గంట ఆగుమని ఒక్క మాట అనలే.

నువ్వు పడ్డ చప్పుడు నేను ఇనలే. మిషన్ నడుస్తుంది. సుత్తె దెబ్బ కోసం చూస్తున్న, రెండు కొడుతవు, లేపుదమని. ఎంతసేపటికీ కొడుతలేవు.

ఇట్ల ఒక్క దగ్గర నిలబడరావట్లే నాకు. ఈ జాకెట్ ఉడుకుతుంది లోపల. ఇప్పుత. కాదు, ఉండని.

జేబుల కాగితం ఉన్నది సంతోషం.

నిన్న గ్యారీ బస్టాండు దాక ట్రక్కుల దింపిండు నన్ను. ఎన్నడన్న దింపిండా? అప్పుడే నాకు అనుమానం రావాలె. దారి పొడుగున నీ గురించి అడిగిండు, మంచిగనే అడిగిండు. బస్సెక్కేముందు ఈ కాగితం చేతుల పెట్టిండు. సైన్ చేసి ఆ మేడంకి ఇయ్యి, సింపుల్ అన్నడు. వసంతంల దవాఖాన పని మొదలైతది, నువ్వే సూపర్‌వైజర్‌వి అన్నడు. భుజం మీద కొట్టిండు.

ఇంగ్లీష్ కాగితాలు నాకు ఎవరు చదివి పెడుతరు? ఇరవై ఏండ్లసంది నువ్వే. దుబాయ్‌ల కాంట్రాక్టు నువ్వే చదివినవ్, ఈ దేశం ఫారాలు నువ్వే నింపినవ్. నాకు ఈడనే ఉండిపోయే పీఆర్ కాగితం వచ్చింది, నింపినోనికి ఇంక రాలే. నీ నోరు కట్టేసి ఉన్నది. నేనేం జేసిన? పొద్దున క్యాంటీన్ల సలోమి కనబడితే, ఆమె చేతుల పెట్టిన. జర చదువమ్మా అన్న.

అట్ల కండ్లు పెద్దగ చెయ్యకు! నాకేం తెల్సు దాంట్ల ఏమున్నదో? మామూలు కాగితం అనుకున్న. ఏ హాజరు కాగితమో అనుకున్న.

చదివింది. గట్టిగనే చదివింది, తెలుగుల చెప్పుకుంట. సంతోషం అనే హెల్పర్, అని చదివి నా దిక్కు చూసింది. ఇరవై ఆరేండ్ల కార్పెంటర్‌ని హెల్పర్ అని రాసిండ్రు గదా. మల్ల చదివింది. ఆదివారం నాడు, ఎవరూ చెప్పకుండానే, తనంతట తానే పైకి ఎక్కెను. అక్కడ ఆగింది. కింద ఇంక రెండు లైన్లున్నయి, చదవలే. నాలుగు మడతలు పెట్టి నా చేతుల పెట్టింది.

తిట్టలే సంతోషం. తిడితే బాగుండు. "దీని మీద మీరు సంతకం పెట్టాలా అన్నయ్యా?" అన్నది. నేను కాగితం జేబుల పెట్టుకున్న. "పొద్దున్నుంచి ఏమైనా తిన్నారా? ఆ ఇడ్లీలు తినండి, డబ్బాలో ఉన్నాయి, ఆయన ఎటూ తినలేరు" అన్నది. బస్సుకు టైమైందని పోయింది. ఆ డబ్బా నా పక్కన పెట్టి పోయింది.

తిన్న. ఏం చెయ్యాలె? ఆకలైతుండె. నాలుగు ఇడ్లీలు తిన్న.

నువ్వు హెల్పర్‌వి అని తేలితే హెల్పర్ లెక్కనే ఇస్తరట. కార్పెంటర్‌వి అని ఫోర్మన్ చెప్తే ఆ లెక్క చూస్తరట. సలోమి ఎప్పుడో అడిగి తెలుసుకున్నది. మల్ల సుత్తె ఎప్పుడు పడుతవో, ఈ కుడి మణికట్టు అతుకుతదో లేదో డాక్టర్లే చెప్తలేరు. అన్ని రోజులు మీ ఇల్లు నడవాల్నంటే ఈ మూడు ముక్కల మీదనే ఉన్నది. అది నాకు తెల్సు. తెల్వదని కాదు.

ఇంక పదిహేను నిమిషాలు. ఆ గడియారం ముల్లు ఎట్ల ఉరుకుతుంది చూడు.

మొదటి రెండు ప్రశ్నలకు నాకు భయం లేదు. నువ్వు కార్పెంటర్‌వి. నిన్ను నేను పంపిన. అవి నీకు తెల్సు, నాకు తెల్సు. మూడోది ఉన్నది చూడు, రేటు ఎట్ల కుదిరింది అనేది, అది నీకు తెల్వదు. అదే నన్ను కూసోనిస్తలేదు.

ఏమని చెప్పిన మీ అందరికి? గవర్నమెంటు ఇంతే ఇస్తదట, గ్యారీ ఇంతకన్న పైస పెంచనన్నడు అని చెప్పిన. మీరు నమ్మిండ్రు. రూము రూమంతా గ్యారీని తిట్టిండ్రు, గవర్నమెంటుని తిట్టిండ్రు. అందరికన్న గట్టిగ నేను తిట్టిన. ఎంత గట్టిగ తిట్టిననో యాదికున్నదా?

రెండు కొట్టినవ్. ఉంటది, యాదికి ఉండక.

నేను గ్యారీ ఆఫీసుకు పోయిన రోజు నువ్వు వస్తనన్నవ్. "అన్నా, నేనూ రానా మాట్లాడటానికి?" అన్నవ్. చెప్పులు కూడ ఏసుకున్నవ్. నేను వద్దన్న. వాడు నన్నే రమ్మన్నడు, ఇద్దరం పోతే బాగుండదు అని చెప్పిన. అబద్ధం. వాడు ఎవరినన్న తోలుకురమ్మన్నడు. నేనే వద్దనుకున్న.

ఇరవై ఏండ్లు నీ నోటితోని బతికిన సంతోషం. దుకాణంల నువ్వే, ఆఫీసుల నువ్వే, డాక్టర్ దగ్గర నాకు ఏడ నొస్తుందో చెప్పేది కూడ నువ్వే. నువ్వు ఎన్నడు నన్ను తక్కువ చెయ్యలే, అది నిజం. గాని నేను మేస్త్రీని. ఉప్పల్ కూలీల అడ్డా మీద నా ఎనుక ముప్పై మంది నిలబడేటోళ్ళు. ఒక్కసారన్న నా నోటితోని నేను పని తెచ్చి మీ ముందల పెట్టాల్ననుకున్న. పైగ నువ్వొస్తే ఏమంటవో నాకు తెల్సు. గోడ కాగితం చూపించండి, పక్కకు పెట్టినా పాత రేటు ఎంతో చెప్పండి, ఆలోచించుకొని వస్తం, అంటవ్. నీ పద్ధతి అది.

నా పద్ధతి అడ్డా పద్ధతి. నువ్వు అడ్డా ఎన్నడు చూసినవ్? పొద్దుగాల ఆరింటికి రోడ్డు పక్క నిలబడుతం. కారొచ్చి ఆగుతది. సారు అద్దం దించకముందే మేస్త్రీ రేటు చెప్పాలె, అద్దానికి మొఖం ఆనిచ్చి చెప్పాలె. ఆగితే పక్క మేస్త్రీ రూపాయి తక్కువ చెప్తడు, నా ముప్పై మంది ఆ రోజు పస్తు. సారు ఎంతిద్దామని వచ్చిండో ఎవడడుగుతడు? అంత టైమ్ ఏడిది? పదిహేనేండ్లు అట్లనే చెప్పిన. ఒంట్లకు ఎక్కింది అది.

గ్యారీ ఎదురుంగ కూసోబెట్టిండు. టేబుల్ మీద ఒక పేపర్, దాని మీద అంకెలు, తలకిందులుగ కనబడుతున్నయి నాకు. వాడు పెన్ను మూత తీసిండు. హౌ మచ్ యువర్ గైస్, అని ఇంక మాట పూర్తి చెయ్యనే లేదు. ట్వంటీ టూ అన్న. ఆల్ పీపుల్, ట్వంటీ టూ అన్న. కార్పెంటర్ లేదు, హెల్పర్ లేదు, అందరికి ఒక్కటే. ఎందుకంటే లోపల్లోపల రూపాయలల్ల లెక్కగట్టుకున్న. గంటకు పదమూడు వందల యాభై! ఉప్పల్ల రెండు రోజుల కూలి ఒక్క గంటకు వస్తుంది గదా, ఎవరు కాదంటరు? గర్వం కూడ అయింది నాకు.

వాడు ఆగిండు. నా దిక్కు చూసిండు. ఆ పేపర్ మీద చెయ్యి పెట్టిండు, గాని నేను అప్పటికే చూసిన. నాకు ఇంగ్లీష్ అక్షరాలు రావు, అంకెలు వస్తయి. ముప్పై రెండు అని రాసుకొని ఉన్నడు. కింద గీత కూడ గీసుకున్నడు.

ముప్పై రెండు ఇద్దామని కూసున్నడు సంతోషం వాడు. గంటకు పది నేను కోసిన. గవర్నమెంటు కాదు, గ్యారీ కాదు. గోడ మీది కాగితం వాళ్ళు పీకిండ్రు, నిజమే, గాని మీ నోటికాడి ముద్ద తీసింది నేను.

అప్పుడన్న మాట మార్చుకోవచ్చు. సారీ, తప్పు చెప్పిన అనొచ్చు. అనరాలే. మేస్త్రీ మాట ఎనుకకు తీసుకుంటే పరువు ఏముంటది అనుకున్న. వాడు లేచి చెయ్యి కలిపిండు, గుడ్ మ్యాన్ అన్నడు. నాకు ఆరు డాలర్లు ఎక్కువ ఏసిండు, ఫోర్మన్ అని. తీసుకున్న. నాలుగు నెలలు తీసుకున్న. ఆ ఎర్ర గడ్డపాయన చూసిన చూపు నాకే అని ఇప్పుడు సమజైందా? నీ సాక్ష్యానికి నేల దిక్కు ఎందుకు చూసిననో సమజైందా? ఆ పది డాలర్లు ఉంటే నువ్వు ఆదివారాలు వచ్చేటోనివే కాదు. నేను తలుపు కొట్టినా లేచేటోనివి కాదు.

చెప్పిన. ఇగ అయిపోయింది. చెప్పిన.

సంతోషం.

అట్ల గోడ దిక్కు తిరగకు. మెడ కింద దిండు జరిగింది, దవడ ఒత్తుకుంటది. నేను సదురుతనంటే చెయ్యి తోసేస్తున్నవ్. సరే. ముట్ట.

కొట్టు. ఒకటన్న కొట్టు, రెండన్న కొట్టు. పొమ్మంటే పోత. ఆ ఉంగరం ఉన్న చెయ్యి దుప్పట్ల పెట్టుకుంటవేంది? నిన్ను క్షమించమని అడుగుతలేను. చర్చిల లెక్క అది మీకెట్లుంటదో నాకు తెల్వదు. ఉన్ననని ఒక్క చప్పుడు చెయ్యి, అంతే.

చెయ్యవా.

సూపర్‌వైజర్ మాట అంటవా? అది ఈ మూడు గంటల దాకనే. నాకు రోడ్డు పక్క నిలబడుడు కొత్తనా? యాభై ఆరేండ్లు ఉన్నయి, చేతులు ఉన్నయి, ఎవడో ఒకడు కారు ఆపుతడు. ఈసారి వాడు అద్దం దించేదాక నోరు తెరవ.

చప్పుడైంది బయట. మేడమే. ముసలామె, కండ్లద్దాలు, చేతుల ఫైలు. గుడ్ ఆఫ్టర్‌నూన్ మేడం. యెస్, కొమరయ్య. సిట్, సిట్. ఈ కుర్చీ జారుతది, జర చూసుకొని... సిట్, మేడం.

ఫోన్ల తెలుగు మనిషిని కలుపుతనంటుందిరా. నో మేడం. నో ఫోన్. ఐ టాక్.

ఎందుకు వద్దన్ననో తెల్సా? తెలుగుల ఐతే నేను మాట తిప్పుత. ఇందాకటిసంది నీతోని ఎంత తిప్పి తిప్పి చెప్పిన, చూసినవ్ గదా. నాకొచ్చిన నాలుగు ఇంగ్లీష్ ముక్కలతోని అబద్ధం కట్టుడు నాకు చేతగాదు.

మేడం. దిస్ పేపర్, గ్యారీ గివ్. ఐ నో సైన్. టేక్. హీ, నో హెల్పర్. కార్పెంటర్. ట్వంటీ సిక్స్ ఇయర్స్. సండే, ఐ సెండ్ హిమ్ అప్. మీ. అండ్ రేట్... రేట్, గ్యారీ నో సే. ఫస్ట్, ఐ సే. ట్వంటీ టూ. మీ, మేడం. నోబడీ ఆస్క్.

రాసుకుంటుంది. పెన్ను ఆపి నా దిక్కు చూస్తుంది. మల్ల చెప్పుమంటుంది, మెల్లగ చెప్పుమంటుంది. చెప్త.

నువ్వు అట్లనే పండుకో సంతోషం, ఇటు తిరగకు. తప్పులుంటే ఆ తీగెలు ఇప్పినంక దిద్దుదువు.